రెండర్ పెడితే 95 డిగ్రీలు: ప్రాసెసర్ వేడి మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఉగాది దాటగానే నా ఫోన్‌కు ఒకే రకం ఫొటోలు రావడం మొదలవుతుంది. మానిటర్ మీద ఎర్రటి అంకె, కింద "అన్నా, ఇది ఓకేనా?" అని ఒక లైను. పంపేవాళ్లలో ఎక్కువమంది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు. ముహూర్తాలూ ఎండలూ ఒకేసారి వస్తాయి మరి. మిగతావాళ్లు ఆండ్రాయిడ్ స్టూడియోతో కుస్తీ పడే ఇంజినీరింగ్ పిల్లలు, రాత్రంతా గేములాడే మా మేనల్లుడి బ్యాచ్. మనుషులు వేరైనా ప్రశ్నలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీ ప్రశ్న ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను.

## మొదటి టెన్షన్

రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను పూర్తి ఫైలుగా తయారుచేయడం) పెట్టగానే 95 డిగ్రీలు చూపిస్తోంది. ప్రాసెసర్ కాలిపోతుందా?

కాలిపోదు. ప్రతి ప్రాసెసర్‌కూ తయారుచేసినవాళ్లే ఒక గరిష్ఠ హద్దు పెడతారు. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో అది సాధారణంగా 100 డిగ్రీలు, కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ చిప్‌లలో 105. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000, 9000 వరుసల్లో ఎక్కువ వాటికి 95. రైజెన్ 7 5800ఎక్స్‌కు 90, 7800ఎక్స్3డీకి 89. హద్దు తగలగానే చిప్ తనంతట తానే వేగమూ వోల్టేజీ తగ్గించుకుంటుంది. అలా తగ్గించినా వేడి పెరుగుతూనే ఉంటే సిస్టమ్ టక్కున ఆగిపోతుంది. అంటే మీరు పోగొట్టుకునేది ముందు స్పీడు, తర్వాత చెవులకు ప్రశాంతత.

అయితే 95 అనే అంకెకు అన్ని చిప్‌లలో ఒకే అర్థం లేదు. రైజెన్ 9 7950ఎక్స్ లాంటిది పూర్తి లోడ్ మీద (అంటే పని మొత్తం మీద పడినప్పుడు) 95 దాకా వెళ్లి అక్కడే నిలబడి పనిచేసేలా డిజైన్ చేశామని ఏఎండీనే చెప్పింది. అదే 95 ఐ3 12100 లాంటి చిన్న చిప్‌లో కనిపిస్తే కూలర్ దగ్గర ఎక్కడో తేడా కొట్టిందని అర్థం.

ఎంతవరకు నార్మల్? ఒక్క అంకె చెప్పండి చాలు.

ఒక్క అంకె చెబితే అబద్ధమవుతుంది. గది ఎంత వేడిగా ఉందో చూడకుండా ప్రాసెసర్ టెంపరేచర్ చూడటం, గిన్నె బరువు తీసేయకుండా నెయ్యి తూచినట్టే. కూలర్ ఎంత ఖరీదైనదైనా గదిలోని గాలికే వేడిని అప్పజెప్పాలి. కాబట్టి అసలు చూడాల్సింది గదికీ చిప్‌కూ మధ్య తేడా.

జనవరిలో గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు మీ చిప్ 74 చూపించిందనుకోండి, తేడా 50. మే నెలలో అదే గది 38కి చేరితే అదే పనికి చిప్ 88 దగ్గర ఉంటుంది. ఏదీ పాడవలేదు, తేడా ఇప్పటికీ 50. యూట్యూబ్‌లో చూసే విదేశీ రివ్యూల్లో ఎక్కువ 20, 25 డిగ్రీల గదుల్లో చేసినవి. అక్కడ 70 వచ్చిన కూలర్ రోహిణి కార్తెలో మన ఇంట్లో 85 చూపిస్తే కూలర్‌ను తిట్టొద్దు.

నేను పెట్టుకున్న మోటు లెక్క ఇది. మే మధ్యాహ్నం లోడ్ మీద 85 లోపు ఉంటే పట్టించుకోను. 85 దాటినా హద్దు తగలకపోతే తీరిక దొరికినప్పుడు చూస్తాను. హద్దు తగిలి క్లాక్ స్పీడు (చిప్ పనిచేసే వేగం) కూడా పడిపోతుంటే ఆ ఆదివారమే స్క్రూడ్రైవర్ తీస్తాను.

ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా 50 ఉంటోంది. ఇది తేడానా?

గది 35 ఉంటే 50 పెద్ద విషయం కాదు. రైజెన్ చిప్‌లలో ఐతే బ్రౌజర్ ఒక ట్యాబ్ తెరిచినా ఒక కోర్ (చిప్‌లో విడిగా పనిచేసే ఒక భాగం) క్షణంలో పూర్తి వేగానికి లేచి అంకె 10, 15 డిగ్రీలు ఎగిరి పడుతుంది. అది దాని స్వభావం.

ఒక్కటి మాత్రం చూడండి. ఏమీ తెరవకుండానే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం 20, 30 శాతం దగ్గర కదలకుండా ఉంటే వెనకాల ఏదో నడుస్తోంది. విండోస్ అప్‌డేటో యాంటీవైరస్ స్కానో అయితే అరగంటలో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, మీరు క్రాక్ వేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఎవరిదో క్రిప్టో మైనర్ కూడా ఇన్‌స్టాల్ అయి ఉండొచ్చు. ఫ్రీగా వచ్చినదానికి కరెంటు బిల్లులో కడుతున్నామన్నమాట.

ఇంత వేడి మీద రోజూ నడిపితే ప్రాసెసర్ ఆయుష్షు తగ్గదా?

వేడీ ఎక్కువ వోల్టేజీ కలిస్తే చిప్ లోపల అరుగుదల పెరుగుతుంది, నిజమే. కానీ కంపెనీ పెట్టిన హద్దుల్లో ఉన్నంతకాలం ఆ చిప్ చెడిపోయేలోపు మీరే పాతబడిందని మార్చేస్తారు. ముందు దెబ్బతినేవి పక్కనున్నవి: ఫ్యాన్ బేరింగులు, చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు (అది ఎండిపోతుంది), ప్రాసెసర్‌కు కరెంటు అందించే మదర్‌బోర్డు భాగాలు.

13, 14వ తరం ఇంటెల్ చిప్‌లు చెడిపోయిన గొడవ వేడి వల్లేనా?

అసలు కారణం వోల్టేజీ. చిప్‌లోని మైక్రోకోడ్ (చిప్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం) అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులోనూ సెప్టెంబరులోనూ సరిచేసిన మైక్రోకోడ్‌లు బయోస్ (మదర్‌బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లుగా వచ్చాయి. ఆ డెస్క్‌టాప్ చిప్‌లకు వారంటీని మరో 2 ఏళ్లు పొడిగించారు కూడా. మీది ఆ తరంలో పేరు చివర కే ఉన్న ఐ5, లేదా ఐ7, ఐ9 అయితే కూలర్ సంగతి తర్వాత, ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అప్‌డేట్ బాగుచేయలేదు. గేములు, రెండర్లు కారణం లేకుండా క్రాష్ అవుతుంటే వారంటీకి పంపడమే దారి.

## కొలిచేటప్పుడు

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ టెంపరేచర్ కనిపించట్లేదేం?

విండోస్ అక్కడ గ్రాఫిక్స్ కార్డు వేడి చూపిస్తుంది కానీ ప్రాసెసర్‌ది చూపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేసుకోండి, ఉచితం. తెరిచేటప్పుడు సెన్సార్లు మాత్రమే అన్న టిక్కు పెడితే చాలు. ఇంకా తేలిగ్గా కావాలంటే కోర్ టెంప్ ఉంది. లైనక్స్‌లో ఎల్ఎమ్ సెన్సార్స్ ప్యాకేజీ పని చేసిపెడుతుంది. బయోస్ తెరిచి అక్కడి అంకె చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. బయోస్‌లో చిప్ విశ్రాంతి స్థితిలోకి వెళ్లదు, కాబట్టి ఖాళీగా ఉన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది. పైగా లోడ్ మీద ఎంతుందో అక్కడ తెలిసే మార్గమే లేదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిస్తే వంద వరుసలున్నాయి. ఏది చూడాలి?

నాలుగే చూడండి. ఒకటి టెంపరేచర్: ఇంటెల్‌లో సీపీయూ ప్యాకేజ్, రైజెన్‌లో టీసీటీఎల్ టీడై అని ఉండే వరుస. రెండు, ప్యాకేజ్ పవర్, అంటే చిప్ ఎన్ని వాట్లు తాగుతోందో. మూడు, కోర్ల క్లాక్ స్పీడు. నాలుగు, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి చిప్ తన వేగం తగ్గించుకోవడం) ఎదురుగా అవునా కాదా అన్నది.

నిలువు వరుసల్లో మ్యాగ్జిమమ్ కన్నా యావరేజ్ ముఖ్యం. గంట రెండర్‌లో ఒక్క క్షణం 97 తగిలినా మ్యాగ్జిమమ్ జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. టెస్ట్ మొదలయ్యాక రీసెట్ నొక్కి లెక్క కొత్తగా మొదలుపెట్టండి. మదర్‌బోర్డు వరుసల్లో ఎక్కడైనా 120 డిగ్రీలో మైనస్ అంకెలో కనిపిస్తే ఆ సెన్సార్‌కు వెనకాల ఏదీ కలిపి లేదని అర్థం.

రెండు సాఫ్ట్‌వేర్లు రెండు రకాలుగా చూపిస్తున్నాయి. ఏది నిజం?

తరచుగా రెండూ నిజమే, కొలుస్తున్న చోట్లు వేరు. ఒకటి చిప్ లోపలి సెన్సార్, ఇంకొకటి సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) కింద మదర్‌బోర్డు మీదున్న సెన్సార్ అయి ఉంటుంది. చిప్ లోపలిదే నమ్మండి. పాత రైజెన్‌లలో ఇంకో తమాషా ఉంది. 1700ఎక్స్, 1800ఎక్స్‌లు అసలు వేడికి 20 డిగ్రీలు, 2700ఎక్స్ 10 డిగ్రీలు కలిపి చెప్పేవి, ఫ్యాన్లు ముందే వేగం అందుకోవాలని. పాత సాఫ్ట్‌వేర్ ఆ లెక్క తీసేయకుండా చూపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. రెండు మానిటరింగ్ ప్రోగ్రాములు ఒకేసారి నడపకండి. ఒకే సెన్సార్‌ను రెండూ అడిగి చిత్రమైన అంకెలు వస్తాయి.

చేత్తో తాకితే హీట్‌సింక్ (కూలర్‌లోని లోహపు రేకుల దిమ్మ) చల్లగానే ఉంది, సాఫ్ట్‌వేర్ మాత్రం 90 అంటోంది. సెన్సార్ పోయిందా?

సెన్సార్ మీద అనుమానం చివర పెట్టుకోండి. చిప్ 90లో ఉండి హీట్‌సింక్ చల్లగా ఉందంటే వేడి చిప్ నుంచి హీట్‌సింక్‌లోకి దాటట్లేదు. పేస్టు ఎండిపోయి ఉండొచ్చు, ఒక స్క్రూ వదులై ఉండొచ్చు, కొత్త కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించి ఉండొచ్చు. మా చుట్టాలబ్బాయి సిస్టమ్ షాపులో అసెంబుల్ చేయించుకొచ్చిన రెండో వారానికి తెరిస్తే ఆ పొర అలాగే ఉంది, దాని మీద "బిగించేముందు తీసేయండి" అన్న హెచ్చరికతో సహా.

దీనికి ఉల్టా, హీట్‌సింక్ ముట్టుకోలేనంత వేడిగా ఉంటే చిప్ నుంచి వేడి బాగానే వస్తోంది, గాలే దాన్ని బయటికి మోసుకుపోవట్లేదు. లిక్విడ్ కూలర్ అయితే రెండు గొట్టాలూ పట్టుకు చూడండి. ఒకటి బాగా వేడిగా, ఇంకొకటి చల్లగా ఉంటే పంపు తిరగట్లేదనే అనుమానించాలి.

## లోడ్ పెట్టి పరీక్షించడం

ఏ టెస్ట్ పెట్టాలి? ఎంతసేపు నడపాలి?

సినీబెంచ్ అనే టెస్ట్ ప్రోగ్రాం 10 నిమిషాల రన్ చాలామందికి సరిపోతుంది. ప్రైమ్95 అనే ఇంకో ప్రోగ్రాంలో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ టెస్ట్ పెడితే నిజజీవితంలో ఏ పనీ పుట్టించనంత వేడి పుడుతుంది. అందులో 100 వచ్చిందని ఏడవడం, పిల్లాడు ఎవరెస్టు ఎక్కలేదని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం లాంటిది. నన్నడిగితే అన్నిటికన్నా మంచి టెస్ట్ మీ పనే. మీరు మామూలుగా చేసే 20 నిమిషాల ఎక్స్‌పోర్ట్ ఒకటి పక్కన పెట్టుకుని ప్రతిసారీ అదే నడపండి.

ఎయిర్ కూలర్ 10, 15 నిమిషాల్లో స్థిరపడుతుంది. లిక్విడ్ కూలర్‌లో నీళ్లు వేడెక్కడానికి టైం పడుతుంది, కాబట్టి అరగంట ఇవ్వాలి. మొదటి 5 నిమిషాల అంకె చూసి మురిసిపోకూడదు. గోడకు ఒక మామూలు థర్మామీటర్ తగిలించండి. ఒక కాగితం మీద గది వేడి, చిప్ యావరేజ్, వాట్లు, క్లాక్, ఎక్స్‌పోర్ట్‌కు పట్టిన సమయం రాసిపెట్టుకుంటే, ఏ మార్పు పని చేసిందో ఏది చేయలేదో తర్వాత వాదించుకోనక్కర్లేదు.

థ్రాట్లింగ్ అవుతోందో లేదో ఎలా తెలుస్తుంది? స్పీడు పడిపోతే అదేనా?

స్పీడు పడిపోవడానికి రెండు కారణాలున్నాయి, జనం రెండిటినీ కలిపేస్తారు. ఐ5 12400 చూడండి. ఇంటెల్ లెక్క ప్రకారం అది కాసేపు 117 వాట్ల దాకా తీసుకుని, తర్వాత 65 వాట్లకు దిగుతుంది. రెండర్ మొదలైన అర నిమిషానికి క్లాక్ తగ్గి, టెంపరేచర్ 65 దగ్గర ఉంటే అది పవర్ లిమిట్. వేడికి దానితో సంబంధం లేదు, కొత్త కూలర్ కొన్నా స్పీడు పెరగదు.

టెంపరేచర్ హద్దుకు అతుక్కుపోయి, క్లాక్ పైకీ కిందకీ ఊగుతూ, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ ఎదురుగా అవును అని ఉంటే అప్పుడు వేడి వల్ల. డబ్బు ఖర్చుపెట్టేముందు ఈ రెండిట్లో ఏదో తేల్చుకోండి.

టెస్ట్ పెట్టిన రెండు సెకన్లలోనే 95కి ఎగబాకుతోంది. ఎందుకిలా?

250 వాట్ల పెద్ద చిప్‌లు అలాగే ఎగబాకుతాయి. వేడంతా పుట్టేది గోరంత ముక్కలో. రైజెన్ 7000లో 8 కోర్లు ఉండే ముక్క విస్తీర్ణం రమారమి 70 చదరపు మిల్లీమీటర్లే. కానీ 65 వాట్ల చిప్ అంత వేగంగా ఎక్కితే కూలర్ చిప్‌కు సరిగా ఆనలేదు. నెమ్మదిగా పది నిమిషాల పాటు ఎక్కుతూ పోతే మాత్రం కేస్‌లో గాలి ఆడట్లేదు. ఎక్కే తీరు చూస్తే సగం రోగం తెలిసిపోతుంది.

## పైసా ఖర్చు లేకుండా తగ్గించడం

అన్నిటికన్నా ముందు ఏం చేయాలి?

కేస్ పక్క తలుపు తీసేసి అదే టెస్ట్ మళ్లీ నడపండి. 8, 10 డిగ్రీలు తగ్గితే మీ కూలర్ మంచిదే, కేస్‌కు ఊపిరాడట్లేదు. ఏమీ తగ్గకపోతే కూలర్, పేస్టు వైపు చూడాలి. ఐదు నిమిషాల పని, వేల రూపాయల తప్పు కొనుగోళ్లు ఆపుతుంది. తలుపు శాశ్వతంగా తీసి ఉంచాలనుకోకండి, బల్లులూ చీమలూ ఉన్న ఇళ్లు మనవి. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న చెక్క గూట్లో సిస్టమ్ పెట్టి ఉంటే ముందు దాన్ని బయటికి లాగండి. వెనకవైపు గోడకు కనీసం జానెడు దూరం ఉంచండి.

పవర్ లిమిట్ తగ్గించమంటున్నారు. డబ్బు పోసి కొన్న స్పీడు పోదా?

పోయేది అనుకున్నంత ఉండదు. చిప్ తినే కరెంటు క్లాక్ వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీ × వోల్టేజీ) బట్టి ఉంటుంది. క్లాక్ 10 శాతం, దాంతోపాటు వోల్టేజీ 10 శాతం తగ్గిస్తే లెక్క 0.9 × 0.9 × 0.9, అంటే 0.73. పదో వంతు స్పీడు వదులుకుంటే నాలుగో వంతుకు పైగా వేడి తగ్గుతుంది. చివరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ కోసమే చిప్‌లు విపరీతంగా వోల్టేజీ తాగుతాయి.

7950ఎక్స్ మామూలుగా 230 వాట్ల దాకా వెళ్తుంది. బయోస్‌లో ఈకో మోడ్ పెడితే 142కో 88కో దిగుతుంది. ఐ9 14900కే గరిష్ఠ హద్దు 253 వాట్లు. కానీ కొన్ని మదర్‌బోర్డులు ఆ హద్దునే తీసేసి ఇస్తాయి, రివ్యూల్లో తమ బోర్డు ముందుండాలని. బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులు ఎంచుకుని, మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ (అన్ని కోర్లనూ గరిష్ఠ వేగానికి తోసే సెట్టింగు) ఆపేయండి. తర్వాత పీఎల్1, పీఎల్2 (ఎక్కువసేపటి, కాసేపటి పవర్ హద్దులు) రెండూ తగ్గించి మీ ఎక్స్‌పోర్ట్ సమయం కొలవండి. విజయవాడ ఎండల్లో నేను ఏ మెషిన్ మీదైనా మొదట చేసేది ఇదే. గంట రెండర్‌కు నాలుగైదు నిమిషాలు ఎక్కువ పట్టినా పక్కన కూర్చుని పని చేసుకోగలిగితే చాలు.

అండర్‌వోల్టింగ్ అంటే ఏమిటి? చిప్ పాడవుతుందా?

అదే స్పీడుకు వోల్టేజీ కొంచెం తక్కువ ఇవ్వడం. ఫ్యాక్టరీలో అన్ని చిప్‌లకూ కలిపి భద్రంగా కాస్త ఎక్కువ వోల్టేజీ పెడతారు, ఆ మిగులును మనం వెనక్కి తీసుకుంటున్నాం. చిప్ పాడవదు. మరీ తగ్గిస్తే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, బ్లూ స్క్రీన్ వస్తుంది, అంతే. కానీ ఆ హ్యాంగ్ పెళ్లివారి ఆల్బమ్ సేవ్ చేస్తున్నప్పుడు రావచ్చు. కాబట్టి సీజన్ మధ్యలో ప్రయోగాలు వద్దు.

రైజెన్ 5000 నుంచి బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అని వోల్టేజీ తగ్గించే సెట్టింగు ఉంటుంది. అన్ని కోర్లకూ నెగెటివ్ 10తో మొదలుపెట్టి, రెండు రోజులు వాడి, తర్వాత 15, 20కి వెళ్లండి. లోడ్ టెస్ట్ పాసైతే అయిపోయిందనుకోకండి. ఇందులో తేడాలు చాలాసార్లు ఖాళీగా ఉన్నప్పుడూ తేలికపాటి పనుల్లోనే బయటపడతాయి. ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో 0.05 వోల్టు తగ్గింపుతో మొదలుపెట్టొచ్చు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ఈ సెట్టింగుకు తాళం వేసేశారు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వచ్చిన జాగ్రత్త అది.

విండోస్‌లో 99 శాతం ట్రిక్ పని చేస్తుందా?

చేస్తుంది, గొడ్డలి పెట్టులా. పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి మారిస్తే ఇంటెల్ చిప్‌లలో సాధారణంగా టర్బో (మామూలు వేగం దాటి పైకి వెళ్లడం) పూర్తిగా ఆగిపోతుంది. ఐ7 12700హెచ్ 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లేది 2.3 దగ్గర ఆగుతుంది. వేడి బాగా తగ్గుతుంది, స్పీడూ అంతే. ఆన్‌లైన్ క్లాసులకు, ఆఫీసు పనికి హాయి. రెండర్‌కు మాత్రం వాట్లు తగ్గించడమే మేలు.

## విప్పి శుభ్రం చేసేటప్పుడు

దుమ్ము ఎలా దులపాలి? వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టొచ్చా?

వ్యాక్యూమ్ వద్దు, స్టాటిక్ కరెంటు పుట్టే ప్రమాదం ఉంది. చిన్న బ్లోయరు, మెత్తటి పెయింట్ బ్రష్ చాలు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, సిస్టమ్‌ను బాల్కనీలోకి తీసుకెళ్లండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే బొంగరంలా తిరిగి బేరింగు పోతుంది.

హీట్‌సింక్ రేకుల మధ్య, ఫ్యాన్ వెనకాల దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. ఫ్యాన్ తీస్తేగానీ కనపడదు. రోడ్డు పక్క ఇళ్లలో, దూది పరుపులున్న గదుల్లో ఇంకా త్వరగా. దేవుడి గూడు కింద సిస్టమ్ పెట్టుకున్న ఒకాయన ఫ్యాన్‌కు పట్టిన అగరబత్తి మసి నూనెజిడ్డులా అతుక్కుంది, బ్లోయరుకు లొంగలేదు. ఫ్యాన్ ఊడదీసి స్పిరిట్‌లో ముంచిన దూదితో రెక్క రెక్కా తుడవాల్సొచ్చింది. మన దగ్గర మూడు నెలలకోసారి ఫిల్టరు కడగడం, ఎండలు ముదరకముందే ఒకసారి మొత్తం విప్పడం సరిపోతుంది.

థర్మల్ పేస్టు ఎంత పెట్టాలి? చుక్కా, ఇంటూ గుర్తా?

ఆకారం గురించి జరిగినన్ని గొడవలు అవసరం లేదు. బఠానీ గింజంత చుక్క మధ్యలో పెట్టి కూలర్ సమంగా నొక్కితే అదే పరుచుకుంటుంది. ఏఎమ్5, ఎల్‌జీఏ1700 లాంటి సాకెట్ల ప్రాసెసర్లకు మూలలదాకా వెళ్లేలా ఇంటూ గుర్తు పెట్టొచ్చు. తక్కువైతే నష్టం. కొంచెం ఎక్కువైతే పక్కలకు కారుతుంది, అంతకుమించి ఏం కాదు.

పేస్టు పని రెండు లోహాల మధ్య కంటికి కనపడని గాలి ఖాళీలు నింపడం. గాలి వేడిని దాదాపు మోయదు, మీటరుకు డిగ్రీకి 0.026 వాట్లు. మామూలు పేస్టు దానికి వంద రెట్లకు మించి మోస్తుంది. అయినా రాగితో పోలిస్తే (400 దాకా) పేస్టు కూడా అడ్డే, అందుకే పలచగా ఉండాలి. టూత్‌పేస్టు పెట్టొచ్చా అని ఇప్పటికీ అడుగుతున్నారు. రెండు రోజులు పనిచేసి, నీరు ఆరిపోయాక సున్నంలా గట్టిపడుతుంది. వద్దు.

కూలర్ పీకుతుంటే ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

రైజెన్ ఏఎమ్4 సాకెట్‌లో ఇది మామూలే. పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిన పేస్టు జిగురులా పట్టేస్తుంది. బలం పెట్టకండి. పిన్నులు ముట్టుకోకుండా, హెయిర్ డ్రయర్‌తో హీట్‌సింక్ వెచ్చబరిచి, ప్రాసెసర్ అంచులు పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పితే ఊడుతుంది. పిన్నులు వంగితే సన్నటి మెకానికల్ పెన్సిల్ గొట్టంతో నిలబెట్టొచ్చు. నేను మొదటిసారి మూడు పిన్నులు వంచి, అమ్మ భోజనానికి మూడుసార్లు పిలిచినా పలకకుండా సరిచేసుకున్నాను. ఈసారి తీసేముందు పది నిమిషాలు రెండర్ నడిపి, ఆపి, పేస్టు మెత్తగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఎత్తండి.

పేస్టు ఎన్నాళ్లకు మార్చాలి? లిక్విడ్ మెటల్ వేయొచ్చా?

క్యాలెండర్ చూసి మార్చనక్కర్లేదు. దుమ్ము దులిపాక కూడా గదికీ చిప్‌కూ తేడా పాతదానికన్నా 8, 10 డిగ్రీలు పెరిగితే మార్చండి. మంచి పేస్టు డెస్క్‌టాప్‌లో నాలుగైదేళ్లు హాయిగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో పేస్టు నేరుగా చిప్ మీదే ఉంటుంది. వేడికీ చల్లదనానికీ వ్యాకోచించి సంకోచించి అది పక్కలకు జారిపోతుంది. అక్కడ హనీవెల్ పీటీఎమ్7950 లాంటి షీటు వేయడం మంచిది. మామూలుగా గట్టిగా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సర్దుకుంటుంది, త్వరగా జారిపోదు.

లిక్విడ్ మెటల్ తెలియనివాళ్ల పని కాదు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. కరెంటు కూడా పారుతుంది, బోర్డు మీద చుక్క పడితే షార్టే.

## కొనేటప్పుడు, అమర్చేటప్పుడు

లిక్విడ్ కూలర్ కొంటేనే వేడి తగ్గుతుందంటున్నారు షాపులో. నిజమేనా?

65 నుంచి 150 వాట్ల చిప్‌లకు మంచి ట్విన్ టవర్ ఎయిర్ కూలర్ చాలు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ లాంటివి ఉండగా ఆ తరగతి చిప్‌లకు లిక్విడ్ కొనడం నాకు దండగ అనిపిస్తుంది. 200 వాట్లు దాటి గంటలకొద్దీ లోడ్ ఉంటే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్‌కు అర్థముంది. లిక్విడ్ అయినా చివరికి వేడిని గది గాలికే ఇవ్వాలి, 40 డిగ్రీల గదిలో అది మంత్రం వేయలేదు. ఎయిర్ కూలర్‌లో చెడిపోయేది ఒక్క ఫ్యాను, అది అర్ధరాత్రి కూడా మార్చుకోవచ్చు. లిక్విడ్‌లో పంపు పోతే మెషిన్ ఆగినట్టే. రేడియేటర్ పైన బిగించండి. గాలి బుడగలు పంపులోకి కాకుండా రేడియేటర్‌లోకి చేరాలి.

ఫ్యాన్లు ఎటు తిరిగి ఉండాలి?

ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి. చట్రం పుల్లలున్న వైపుకే సాధారణంగా గాలి వెళ్తుంది. అనుమానముంటే ఒక టిష్యూ కాగితం పట్టుకు చూడండి. ముందు అద్దం పలక ఉన్న అందమైన కేస్ కన్నా జల్లెడలా ఉన్నది మేలు.

రూమ్ కూలర్ ఎదురుగా సిస్టమ్ పెడితే?

గాలి చల్లబడుతుంది కాబట్టి అంకె తగ్గుతుంది. చిప్ ఎప్పుడూ గాలికన్నా వేడిగానే ఉంటుంది, దాని మీద తేమ చేరుతుందన్న భయం అక్కర్లేదు. భయం తుంపరలతో. గడ్డి ప్యాడ్ నుంచి ఎగిరే ఉప్పునీటి చుక్కలు బోర్డు మీద ఆరి తెల్లటి మరకలవుతాయి. గది మొత్తాన్ని చల్లబరచనివ్వండి, సిస్టమ్ మీదికి నేరుగా కొట్టనివ్వకండి. ఏసీ ఉంటే ఇంకా తేలిక. గది 38 నుంచి 26కి దిగితే చిప్ కూడా దాదాపు అంతే దిగుతుంది. 400 వాట్లు లాగే సిస్టమ్ ఆ గదిలో 400 వాట్ల హీటరే. ఒక టన్ను ఏసీ తోసేది 3,500 వాట్లు కాబట్టి దానికది పెద్ద బరువు కాదు. ఏసీ లేని మూసిన గదికి మాత్రం బరువే, కిటికీ తీయండి.

## ల్యాప్‌టాప్

గేమింగ్ ల్యాప్‌టాప్ 95 నుంచి 100 మధ్యే ఉంటోంది. సర్వీసుకివ్వాలా?

కొత్తదైతే అక్కర్లేదు. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి ఒకే రాగి గొట్టాలుంటాయి, ఒకటి వేడెక్కితే రెండోదీ వేడెక్కుతుంది. వెనక అంచు కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తండి. అడుగు నుంచి గాలి ఆడితే కొన్ని డిగ్రీలు వెంటనే తగ్గుతాయి. పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడితే గాలి రంధ్రాలు మూసేసినట్టే. గేమ్‌లో ఫ్రేమ్ రేటును స్క్రీన్ చూపించగలిగిన దగ్గర ఆపండి. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 180 ఫ్రేములు తోసినా మిగిలేది వేడే. కూలింగ్ ప్యాడ్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, కింద రంధ్రాలున్న మోడళ్లకు కొంత ఉపయోగం. రెండేళ్లు దాటి, మునుపు రాని వేడి ఇప్పుడు వస్తుంటే అప్పుడు విప్పించి దుమ్ము తీయించి, పేస్టు మార్పించండి.

## అయినా తగ్గకపోతే

అన్నీ చేశాను. ఇంకా హద్దు తగులుతూనే ఉంది. ఏం మిగిలింది?

కూలర్ బిగింపు మళ్లీ చూడండి. ఇంటెల్ బాక్స్ కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి ఊడి ఉండటం నేను చూసిన వాటిలో అన్నిటికన్నా మామూలు కారణం. సిస్టమ్‌ను స్కూటర్ మీద ఇంటికి తెచ్చిన మర్నాడు మొదలైన వేడికి ఐతే కచ్చితంగా అక్కడే చూడాలి. బోర్డు వెనకవైపు నాలుగు నల్ల కాళ్లూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఎల్‌జీఏ1700లో సాకెట్ తాళం నడుమ నొక్కి ప్రాసెసర్ కాస్త వంగుతుంది. దానికి కాంటాక్ట్ ఫ్రేమ్ అని విడిగా దొరుకుతుంది, కొన్ని డిగ్రీలు తగ్గొచ్చు. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ (వేడిని బట్టి ఫ్యాన్ వేగం పెట్టే సెట్టింగు) సైలెంట్ మీద ఉండిపోయిందేమో కూడా చూడండి. నవ్వకండి, అలా రెండు నెలలు నడిపినవాళ్లున్నారు.

షాపుకు తీసుకెళ్తే ఏం చెప్పాలి?

"వేడెక్కుతోంది" అని మాత్రం చెప్పకండి, పేస్టు పూసి డబ్బు తీసుకుని పంపేస్తారు. 15 నిమిషాల లోడ్ తర్వాతి హెచ్‌డబ్ల్యూఇన్ఫో స్క్రీన్ ఫొటో, ఆ రోజు గది వేడి, వాట్లు, క్లాక్ రాసి తీసుకెళ్లండి. పని అయ్యాక అదే టెస్ట్ వాళ్ల ముందే 15 నిమిషాలు నడిపించి, వాళ్ల షాపు గది వేడి తీసేసి తేడా చూడండి. షాపులో ఏసీ ఉంటుంది, మీ ఇంట్లో ఉండదు. అక్కడి 72 చూసి సంతోషపడి ఇంటికొస్తే మళ్లీ 86 కనిపిస్తుంది.